తీసుకోని కవరు

5 ఫిబ్రవరి 1988, శుక్రవారం

ఈ డైరీ జిగురు కంపెనీ వాళ్ళు మా మిల్లు మేనేజరుకు కొత్త సంవత్సరం కానుకగా పంపింది. ఆయన టేబుల్ మీద నుంచి దానంతట అదే నడిచి నా అన్నం సంచిలోకి వచ్చింది. నా తప్పేమీ లేదు. జనవరి అంతా ఖాళీగా ఉంచాను. ఐదో తరగతిలో బడి మానేసిన దానికి రోజూ రాయడానికి ఏముంటుంది?

ఇవాళ దొరికింది.

చెకర్ పోస్టు సారయ్యకు ఇచ్చారు.

రెండేళ్ళ కింద మిల్లుకు వచ్చినప్పుడు చెక్కపొరలో నునుపు ఏ వైపో తెలియని సారయ్యకు. ప్లైవుడ్ బోర్డును వేలి కణుపుతో తడితే జిగురు ఎక్కడ పట్టలేదో, లోపల ఎక్కడ గుల్ల ఉందో చప్పుడే చెప్తుందని వాడికి నేర్పింది నేను. పాత చెకర్ తాగి రాని రోజుల్లో, అంటే వారానికి మూడు రోజులు, తొమ్మిదేళ్ళు ఆయన బదులు బోర్డులు తట్టింది నేను. సుద్దగీత పెట్టింది నేను. ఆయన మర్నాడు వచ్చి రిజిస్టరులో సంతకం పెట్టేవాడు. మహారాజు.

ఆయన దిగిపోయాక ఆ పోస్టు నాకివ్వండని అడిగాను. మేనేజరు చెంచురామయ్య, మధిర వైపు మనిషి, అందరి ముందూ కళ్ళజోడు తుడుచుకుంటూ అన్నాడు: “ఆడమనిషి సంతకం పెట్టిన చలాన్ చూసి లారీ కదులుద్దా గంగమ్మా? డ్రైవర్లు నవ్విపోతారు.”

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఎందుకు నవ్వానో ఇప్పటికీ తెలియడం లేదు. మిల్లులో ఎవరు నవ్వినా ముందు నన్నే చూస్తారు, ఈ పూట గంగక్క ఎవరిని ఆడించిందా అని. ఇవాళ నన్ను ఆడించారు.

చెంచురామయ్యా, నిన్ను వదలను. నీ డైరీలోనే రాసి పెట్టుకుంటున్నాను.

8 ఫిబ్రవరి, సోమవారం

మా ఆయన పగిడయ్య బొగ్గుబాయిలో పని చేస్తాడు. బొగ్గు మాట్లాడినంత మాట్లాడతాడు. ఇవాళ మాత్రం పొద్దున్నే రాత్రి షిఫ్టు దిగి మా మిల్లు గేటు దగ్గర ఆగి, అక్కడ అంటించిన యూనియన్ ఒప్పందం మొత్తం చదివి వచ్చాడు. పోస్టు రానివాళ్ళు అడిగితే ఎందుకు ఇవ్వలేదో మిల్లు కాగితం మీద రాసి ఇవ్వాలట. ఆ కాగితం అందిన ముప్పై రోజుల్లో కొత్తగూడెం లేబరు ఆఫీసులో తగువు పెట్టుకోవచ్చట. ముప్పై దాటితే పోయినట్టే.

మధ్యాహ్నం అన్నం బెల్లులో అర్జీ రాసి ఇచ్చాను. చెంచురామయ్య తీసుకుని దాంతోనే విసురుకున్నాడు.

13 ఫిబ్రవరి, శనివారం

కడుపు నొప్పి పుట్టేదాకా నవ్వాను.

మిల్లు ఆరు రోజుల్లోనే జవాబు పంపింది, రిజిస్టరు పోస్టులో. మా మిల్లు కూలీల ఇళ్ళ లైనులో ఏ ఆడదీ మిల్లు కాగితం పట్టదు. పట్టిన మా అత్త సోమమ్మ గతి చూశాక ఎవరూ పట్టలేదు. కాగితం చేతిలోకి వస్తే ఒప్పుకున్నట్టు, రాకపోతే ఆ కాగితం పుట్టనట్టు. లైనులో చిన్నపిల్లలకు కూడా తెలుసు.

సాయంత్రం నేను మిల్లు నుంచి ఇల్లు చేరే వేళకు తెచ్చింది కొత్త పోస్టుమాన్ లాలు. నేను చెక్కపొరలు పేర్చే చోటి పక్కనే జిగురు కాచే పూలికి తమ్ముడు, తండా పిల్లగాడు. ఖాకీ చొక్కాకు ఇంకా గంజి వాసన పోలేదు. నా మొహం ఎరగడు. కొంగు తల మీదికి లాక్కుని, నడుం వంచి, ముసలి గొంతు పెట్టాను. గంగమ్మ దమ్మపేట పోయింది బిడ్డా, అక్క కూతురు నీళ్ళాడింది, పది రోజులకు గానీ రాదు అన్నాను. పుట్టింది మగపిల్లా ఆడపిల్లా అని అడిగాడు. కవలలు అన్నాను. సంబరపడ్డాడు. మజ్జిగ ఇస్తే తాగి, సైకిలు తొక్కుకుంటూ పోయాడు.

15 ఫిబ్రవరి, సోమవారం

మళ్ళీ అదే వేళకు వచ్చాడు. ఈసారి మొహం ఎర్రగా ఉంది.

“నువ్వే గంగక్కవంట గదా. మా అక్క చెప్పింది.”

“అవ్, నేనే. కవలలు మంచిగున్నరు.”

వాడు నవ్వలేదు. సంతకం చెయ్యమన్నాడు. తీసుకోను అన్నాను. తీసుకోకుంటే కవరు మీద గట్లనే రాయాల్సి వస్తదని చెప్పాడు. రాసుకో, గుండ్రంగా రాయి, మీ మేష్టరుకు పేరు తేవాలె అన్నాను. చూరు కింద నిలబడి, సైకిలు సీటు మీద కవరు పెట్టి నిజంగానే గుండ్రంగా రాశాడు. ఇద్దరం కలిసి అక్షరాలు చూశాం. బాగున్నాయని మెచ్చుకున్నాను.

కాగితం పట్టలేదు. కాబట్టి ముప్పై రోజులు మొదలు కాలేదు. ఎప్పుడు మొదలుపెట్టాలో నా ఇష్టం. సారయ్య నాలుగుసార్లు బోర్లా పడనీ, వాడికి ఏమీ రాదని మిల్లంతా చూడనీ. అప్పుడు నేనే పోయి, ఇప్పుడియ్యండి సారూ నా కాగితం అని అడుగుతాను.

20 ఫిబ్రవరి, శనివారం

సారయ్య బోర్డుల చాటున నా దగ్గరికి వచ్చాడు. వాడికి చప్పుడు తెలియదు. తలుపు కొట్టినట్టు కొడతాడు. అక్కా, జర తట్టి చెప్పు, మేనేజరుకు చెప్పకు అని బతిమాలాడు.

తట్టాను. మొదటి బోర్డులో మూల మీద అరచేయంత గుల్ల. మంచిగున్నది అన్నాను. వాడు సుద్దతో ఒకే గీత గీశాడు, పాస్ అయినట్టు.

నా వేలికి ఎంత హాయిగా ఉందో.

26 ఫిబ్రవరి, శుక్రవారం

ఇవాళ పదకొండు బోర్డులు.

3 మార్చి, గురువారం

పూలి పిలిస్తే హోలీకి తండాకు వెళ్ళాను. ఆడవాళ్ళు చేతులు పట్టుకుని గుండ్రంగా తిరుగుతుంటే నేనూ దూరాను. రెండు పాటల్లో చెంచురామయ్య పేరు కలిపాను. వాళ్ళ భాషలో ఏమైందో ఏమో, అందరూ పడీ పడీ నవ్వారు.

లాలు ఖాకీ చొక్కాను వాళ్ళమ్మ దండెం మీద వేయలేదు, రంగు పడుతుందని ఇంట్లో దేవుడి గూటి పక్కన పెట్టింది. ఇస్త్రీపెట్టె లేదు. ఇత్తడి చెంబులో నిప్పులు పోసి రుద్దుతుంది. తండాలో సర్కారు బట్టలు తొడుక్కున్న మొదటివాడు వాడు. ఇంకా టెంపరరీయే. ఏడాది మచ్చ లేకుండా గడిస్తే ఖాయం చేస్తారట. పోస్టుమాన్ సారుకు రంగు పూయాలంటే టికెట్టు అంటించాలా అని అడిగి నెత్తిన చెంబెడు గుమ్మరించాను. ఈసారి నవ్వాడు.

12 మార్చి, శనివారం

పొద్దున రాసుకోవాల్సింది వేరు. ఇప్పుడు రాస్తున్నది వేరు.

పొద్దున విజయవాడ నుంచి లారీ తిరిగి వచ్చింది, సరుకంతా వాపసు. బోర్డులు పొరలు పొరలుగా ఊడి, తడిసిన పుస్తకాల్లా ఉన్నాయి. సారయ్య మొహం చూడటానికి రెండుసార్లు నీళ్ళ సాకుతో అటు వెళ్ళాను. అనుకున్నట్టే ఉంది మొహం. అయిపోయింది నీ చెకర్ పని అనుకున్నాను.

చెంచురామయ్య వచ్చి బోర్డులు చూశాడు. సారయ్యను ఒక్క మాట అనలేదు. జిగురు పలచన చేశారన్నాడు. జిగురు కాచే పూలినీ, ఇంకో ఇద్దరు ఆడవాళ్ళనూ ఎనిమిది రోజులు పనికి రావద్దన్నాడు.

పూలి కొంగు దులుపుకుని, పోతూ పోతూ నా దగ్గర ఆగింది.

“నువ్వు తడితే గుల్ల తెల్వకుంట ఉంటదా గంగక్కా?”

ఎనిమిది రోజులే కదా. ఎనిమిది రోజులు ఎంతలో పోతాయి.

దీన్ని కూడా చెంచురామయ్య లెక్కలోనే రాస్తున్నాను.

16 మార్చి, బుధవారం

రాయడానికి ఏమీ లేదు. చింతపండు గింజ తీశాను. ఎండ ముదురుతోంది.

22 మార్చి, మంగళవారం

సారయ్య పని ఏపాటిదో మిల్లంతా చూసేసింది, ఇక చాలు అనుకుని పొద్దున్నే చెంచురామయ్య గదికి వెళ్ళాను. ఇప్పుడియ్యండి సారూ నా కాగితం అన్నాను.

ఆయన సొరుగు లాగి కవరు తీసి నా ముందు పెట్టాడు. మీద గుండ్రటి అక్షరాలు. ‘రెండుసార్లు వెళ్ళాను. తీసుకోను అన్నారు. 15-2-88.’

“నువ్వొద్దన్న రోజే నీకు అందినట్టు లెక్క గంగమ్మా. పోస్టాఫీసు రూలు, కోర్టు రూలు, అన్నీ అంతే. పదహారో తారీఖుతో నీ ముప్పై రోజులు అయిపోయినయ్.”

కవరును మళ్ళీ సొరుగులో పెట్టుకున్నాడు. విసుక్కోలేదు, గద్దించలేదు. టీ తాగుతావా అని కూడా అడిగాడు. పాము కరిచి, మందు కూడా అదే ఇస్తానన్నట్టు.

పదహారున నేను చింతపండు గింజ తీస్తున్నాను.

23 మార్చి, బుధవారం

మిల్లుకు పోలేదు. ఒంట్లో బాగా లేదని పగిడయ్యతో చెప్పాను. బాగానే ఉంది. చెంచురామయ్య గొంతు పట్టుకున్నట్టు ఊహించుకుంటూ పగలంతా పీట మీద కూర్చున్నాను.

24 మార్చి, గురువారం

కొత్తగూడెం. నవమికి భద్రాచలం పోయే జనంతో బస్సుల్లో కాలు పెట్టే చోటు లేదు. రాముడి పెళ్ళికి ఊరంతా పోతుంటే నేను ఎదురు దిశలో.

లేబరు ఆఫీసు గుమాస్తా తేదీలు చూసి ఎనిమిది రోజులు ఆలస్యం అన్నాడు. గట్టి కారణం రాస్తే ఆఫీసరు ఒప్పుకోవచ్చు, ఒప్పుకోకపోవచ్చు. బయట చెట్టు కింద టైపు మిషను పెట్టుకున్న అర్జీలాయన దగ్గర కూర్చున్నాను. నేను కవరు సంగతంతా చెప్తే ఆయన చేయి అడ్డం పెట్టాడు. వద్దన్నానని రాస్తే ఇక్కడే చచ్చిపోతది నీ కేసు అన్నాడు. అసలు పోస్టుమాన్ రాలేదని రాద్దాం. రాకుండానే వచ్చినట్టు రాసుకున్నాడని రాద్దాం. అప్పుడు నీకు ఆలస్యమే లేదు, గడువు ఇవాళ్టి నుంచి మొదలు. వాళ్ళు రోజూ చేసే పనేగా అది అని ఆయనే అన్నాడు, నేను కాదు.

టక టక కొట్టాడు. చదివి వినిపించాడు. మంచి తెలుగు. సంతకం పెట్టాను. ఏప్రిల్ పదకొండున రమ్మన్నారు.

ఒక్క మాటే కదా. ఆ ఒక్క మాటతో చెంచురామయ్య సొరుగులో కవరు చిత్తు కాగితం అవుతుంది.

25 మార్చి, శుక్రవారం

లాలుకు ఏమీ కాదు.

29 మార్చి, మంగళవారం

పూలి పనిలోకి వచ్చి వారమైంది. నా పక్కనే నిలబడి జిగురు కలుపుతుంది. మాట్లాడదు. నేను చెంచురామయ్య దగ్గు దగ్గి చూపించాను. మిగతా ఆడవాళ్ళు నవ్వారు.

లాలుకు ఏమీ కాదు. సర్కారు ఉద్యోగం ఊరికే పోతుందా.

6 ఏప్రిల్, బుధవారం

పోతుంది.

సాయంత్రం పూలి ఇంటికి వచ్చింది. గడప అవతలే నిలబడింది. నా అర్జీ నకలు పోస్టాఫీసుకు పోయిందట. ఇంటికి వెళ్ళకుండానే కవరు మీద తప్పుడు రాత ఎందుకు రాశావో పది రోజుల్లో చెప్పు అని లాలుకు మెమో ఇచ్చారు. టెంపరరీ వాడు కాబట్టి విచారణ కూడా అక్కర్లేదు, చొక్కా విప్పి పొమ్మంటే చాలు. తండావాళ్ళను పెట్టుకుంటే ఇంతేనని అక్కడ ఎవరో అన్నారట కూడా.

పూలి ఏడవలేదు. ఆమె ఏడిస్తే నేనేదో ఒకటి చేసి నవ్వించేదాన్ని.

“నీ పగ నాకు తెల్వదా అక్కా? నన్ను ఎనిమిది రోజులు ఇంట్ల కూసోబెట్టింది గూడ గా మనిషే. వాన్ని నువ్వేమన్న చెయ్యి, నేను అడ్డం రాను. కానీ మా తమ్ముడు నీ ఇంటికి రెండుసార్లు వచ్చిండు.”

నేనొక జోకు వేశాను. ఏం జోకో ఇక్కడ రాయను.

ఆమె వెళ్ళిపోయింది.

10 ఏప్రిల్, ఆదివారం

రేపు కొత్తగూడెం. పగిడయ్య నీళ్ళ తొట్టి దగ్గర వీపు రుద్దించుకుంటూ అడిగాడు.

“రేపు ఏం చెప్తవ్?”

“ఉన్నదే చెప్త.”

“ఏది ఉన్నది?”

రుద్దడం ఆపేశాను. బొగ్గు నీళ్ళు కాళ్ళ దాకా కారాయి.

పోస్టుమాన్ వచ్చాడని చెప్తే నేను ఎనిమిది రోజుల ఆలస్యంతో బయటికి. చెకర్ పని ఈ జన్మకు సారయ్యది. చెంచురామయ్య టీ తెప్పించుకుని తాగుతాడు. రాలేదంటే లాలు బయటికి, నేను లోపలికి. చెంచురామయ్య రిజిస్టర్లు తెరిచి, తొమ్మిదేళ్ళు బోర్డులు తట్టింది ఎవరో ఆఫీసరు ముందు ఒప్పుకోవాలి. ఆ మొహం చూడాలని ఉంది. ఆ మొహం కోసం అన్నం మానుకోమన్నా మానుకుంటాను.

లాలుకు వయసుంది. ఇంకో పని దొరుకుతుంది.

ఇది రాసి, చదువుకుని, కొట్టేద్దామనుకున్నాను. ఉండనీ. నేను ఏం రాశానో నాకు తెలియాలి.

11 ఏప్రిల్, సోమవారం

ఆఫీసరు సన్నటి మనిషి, చొక్కా జేబులో మూడు పెన్నులు. చెంచురామయ్య ఇస్త్రీ బట్టల్లో వచ్చాడు, కవరు ప్లాస్టిక్ సంచిలో పెట్టుకుని, శివుడి విభూది తెచ్చినట్టు. లాలును కూడా పిలిపించారు. గోడకు ఆనుకోకుండా నిలబడ్డాడు, చొక్కా నలుగుతుందని.

ఆఫీసరు నా అర్జీ చదివాడు. పోస్టుమాన్ మీ ఇంటికి రానేలేదని రాశారు, అంతేనా అని అడిగాడు.

అంతే అనడానికి నోరు తెరిచాను. అబద్ధం నాకు కొత్త కాదు. పుట్టినప్పటి నుంచి పొట్టకు అన్నం, నోటికి అబద్ధం. కానీ ఇప్పటిదాకా నేనాడిన ప్రతి అబద్ధానికీ చివర ఎవరో ఒకరు నవ్వారు. దీనికి నవ్వేవాళ్ళు ఆ గదిలో ఎవరూ కనబడలేదు. లాలు నన్ను చూడటం లేదు, తన చెప్పులు చూసుకుంటున్నాడు.

“వచ్చిండు సారు. రెండుసార్లు వచ్చిండు. మొదటిసారి నేను వేరే మనిషినని ఆడించిన. రెండోసారి తీసుకోనన్న. కవరు మీద ఉన్నదే నిజం. అర్జీల రాయించింది అబద్ధం, నేను రాయించిందే.”

లాలు తల ఎత్తాడు. చెంచురామయ్య ఊపిరి వదిలిన చప్పుడు నాకు వినబడింది. అతని పెదవి చివర చిన్న నవ్వు మొదలైంది.

ఆఫీసరు పెన్ను కింద పెట్టాడు. అబద్ధం మీద సంతకం పెట్టి సర్కారు టైము తిన్నందుకు నిన్ను ఏం చేయొచ్చో తెలుసా అని కోప్పడ్డాడు. పడ్డాను. మరి కవరు ఎందుకు వద్దన్నావని అడిగాడు.

తమాషాకు సారు, అనబోయాను. ఈ డైరీలో కూడా అలాగే రాసుకున్నాను. కానీ నోట్లోంచి సోమమ్మత్త వచ్చింది.

చెప్పాను. పదకొండేళ్ళ కింద, మిల్లువాళ్ళు లైనులోకి వచ్చి, ఏడుగురు ఆడవాళ్ళకు తలా ఒక కవరూ, ఒక జాకెట్టు ముక్కా ఇచ్చారు. బోనస్ కాగితం, వేలిముద్ర వేసి తీసుకోండి అన్నారు. వేశారు. పని మాకు మేముగా మానుకుంటున్నాం అని ఉంది అందులో. మర్నాడు గేటు తెరవలేదు. మా అత్త చనిపోయేదాకా ఎడమ బొటనవేలు కొంగులో దాచుకునేది, అది ఎవరినో చంపినట్టు. నేను అప్పుడు కొత్త కోడల్ని. ఆ రోజు నుంచి మా లైనులో ఏ ఆడదీ మిల్లు కాగితం పట్టలేదు సారు, నాకు చదువొచ్చు, అయినా చెయ్యి చాచలేకపోయిన, భయమేసింది, అందుకే నవ్వులాటకు దింపిన అన్నాను.

భయమేసిందని ఇంతకుముందు ఎవరితోనూ అనలేదు.

ఆఫీసరు చెంచురామయ్య వైపు తిరిగాడు. ఆ తర్వాత జరిగింది మాట మాటగా రాస్తున్నాను. పోకూడదు ఇది.

“ఈమె రోజూ మీ గేటు లోపలికి ఎన్నింటికి వస్తుంది?”

“ఎనిమిదింటికండి.”

“చేతికి ఇవ్వొచ్చుగా. పోస్టులో ఎందుకు పంపారు?”

“రూలండి. రాతపూర్వకంగా పంపాలని.”

“సారయ్యకు ఆర్డరు పోస్టులో పంపారా?”

“లేదండి. పిలిచి చేతికిచ్చాం.”

“ఇంకెవరికి పోస్టులో పంపారు?”

“మగవాళ్ళకు అక్కర్లేదండి. ఆడవాళ్ళకే. వాళ్ళు ఎట్టాగూ తీసుకోరు గదండీ.”

అనేశాడు. అనేశాక విన్నాడు. కళ్ళజోడు తీశాడు, తుడుచుకోవడానికి గుడ్డ దొరకలేదు.

ఆఫీసరు ఆ మాటను ఉన్నదున్నట్టు రాసుకున్నాడు. పలికి చూసుకుంటూ రాశాడు. తర్వాత లాలు చేతికి ఒక కాగితం ఇచ్చాడు, అతను ఇంటికి వెళ్ళిన మాట నిజమేనని ఫిర్యాదు చేసిన మనిషే ఒప్పుకున్నట్టు. పోస్టాఫీసులో ఇవ్వమన్నాడు.

బస్టాండులో లాలు నాకు రెండు గజాల దూరంలో నిలబడ్డాడు. బస్సు వచ్చాక ఆడవాళ్ళ సీటు ఖాళీగా ఉంటే నాకు చూపించాడు.

14 ఏప్రిల్, గురువారం

పూలి ఇవాళ జిగురు గరిటె అడిగింది. ఇచ్చాను. మేం మాట్లాడుకున్నది అంతే.

18 ఏప్రిల్, సోమవారం

ఆలస్యం మాఫీ.

కాగితం మీద ఇచ్చాడు ఆఫీసరు. రెండు చేతులతో పట్టుకున్నాను, సంతకం పెట్టాను, పక్కన తేదీ నేనే వేశాను. ఆడవాళ్ళు తీసుకోరని తెలిసే పోస్టులో పంపారు కాబట్టి, కవరు వెనక్కి పోయిన తేదీని ఈమె మీద రుద్దడం న్యాయం కాదు అని రాసి ఉంది. ఇక అసలు తగువు. మిల్లు పదిహేను రోజుల్లో, అంటే మే మూడో తారీఖుకు, జవాబు ఇవ్వాలి. తొమ్మిదేళ్ళ హాజరు పట్టీ, చెకింగ్ రిజిస్టరు పక్కపక్కన పెట్టి తేవాలి. పాత చెకర్ పనికి రాని రోజున బోర్డులు ఎవరు పాస్ చేశారో చూపించాలి. ఇయ్యకపోతే నా మాటే నిజమని తీసుకుంటాడట.

పగిడయ్య ఆ కాగితం మూడుసార్లు చదివాడు. అన్నం తింటూ తనలో తను నవ్వుకున్నాడు. ఆయన నవ్వితే పళ్ళు ఇంత తెల్లగా ఉంటాయని మర్చిపోయాను.

25 ఏప్రిల్, సోమవారం

ఇంకా ఎనిమిది రోజులు.

చెంచురామయ్య గది తలుపు మూసి ఉంటోంది. పాత రిజిస్టర్ల దుమ్ముకు తుమ్ములు వినబడుతున్నాయి. సారయ్య నన్ను బోర్డులు తట్టమని అడిగాడు. తట్టాను. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. నాలుగు బోర్డులకు మూడేసి గీతలు పెట్టించాను, వెనక్కి పంపమని. పూలి జిగురు మీద మళ్ళీ మాట రాకూడదు.

3 మే, మంగళవారం

చెంచురామయ్య ఉత్త చేతులతో వచ్చాడు.

ఆఫీసు మెట్ల కిందే నన్ను పట్టుకున్నాడు. ఇవాళ గంగమ్మా కాదు, అమ్మా గంగమ్మా. ఓనరు మద్రాసులో ఉన్నాడట. రిజిస్టర్లు దొరికాయట గానీ, వాటిని ఉన్నవి ఉన్నట్టు ఇవ్వాలంటే ఓనరు చెప్పాలట. అవి అట్టాగే ఇస్తే తన ఉద్యోగానికే మోసం, ఇంట్లో పెళ్ళి కావాల్సిన వాళ్ళున్నారు, పదిహేను రోజులు ఆగితే ఏదో ఒక దారి చూద్దాం, నీకు కూడా మంచి జరిగేలా చూస్తాను అన్నాడు. నేను నెత్తి మీద కొంగు సర్దుకుని మెట్లెక్కాను.

లోపల అదే అడిగాడు, ఇంకొంచెం మంచి తెలుగులో. ఇంకో పదిహేను రోజులు గడువు ఇప్పించండి అని.

ఆఫీసరు నా వైపు చూశాడు. గడువు పొడిగించడానికి మీకేమైనా అభ్యంతరమా అని అడిగాడు. అభ్యంతరం లేదంటే ఇచ్చేస్తాడు. అలాంటివి ఇచ్చేస్తారట మామూలుగా, ఒకరికొకరు.

సాయంత్రానికి జోకు వేయడానికి మంచి మాటలు చాలా దొరికాయి నాకు. మద్రాసు మీద ఒకటి, పెళ్ళి మీద ఒకటి. అప్పుడు ఒక్కటీ గుర్తుకు రాలేదు.

“అభ్యంతరం ఉన్నది సారు.”

చెంచురామయ్య నవ్వేశాడు. ఈమె అంతేనండి, అందరినీ ఆట పట్టిస్తుంది, మిల్లులో అడగండి ఎవరినైనా అన్నాడు. ఆఫీసరు పెన్ను ఆపి మళ్ళీ అడిగాడు.

“ఆట గాదు సారు. ఒక్క రోజు గూడ ఇయ్యద్దు.”

ఆఫీసరు రాసుకున్నాడు. రాసిందాని కింద తేదీ వేసి నన్ను సంతకం పెట్టమన్నాడు.

నేను పెడుతున్నంత సేపూ చెంచురామయ్య టేబుల్ మీదికి వంగి నా మొహం వెతుకుతున్నాడు. ఎక్కడో ఒక నవ్వు దొరుకుతుందని.